ఇనుపదారి ప్రక్క తెలుగుపేటలు: రైలుదెబ్బల చరిత్ర

రైలుమార్గముల చరిత్ర వ్రాసినవారు మైళ్ళను, వంతెనలను, సొరంగములను, మూలధనమును శ్రద్ధతో లెక్కించిరి. ఆ మార్గములకు అడ్డముగా కాలినడకను పోవుచు కాళ్ళు పోగొట్టుకొన్నవారిని, ప్రాణములు పోగొట్టుకొన్నవారిని లెక్కించినవారు అరుదు. రెండు బండ్లు ఢీకొన్నచో అది పత్రికల కెక్కును, విచారణసంఘము కూర్చుండును, నివేదిక వెలువడును. ఒక కూలి సాయంకాలము మిల్లునుండి ఇంటికి వచ్చుచు పట్టాలమీద దెబ్బతిన్నచో అది రైల్వేపోలీసువారి పుస్తకములో ఒక పంక్తి మాత్రమే యగును. కాని ఆ పంక్తులన్నియు కూడినచో బండ్లు ఢీకొనుటవలన కలిగిన మరణములకంటె అనేకరెట్లు అధికము. 2012 వ సంవత్సరమున అనిల్ కాకోద్కర్ అధ్యక్షతను గల రైల్వే భద్రతా సమీక్షాసంఘము, పట్టాలపై నడచుటవలనను దాటుటవలనను దేశములో ఏటేట సుమారు 15,000 మంది మరణించుచున్నారనియు, వారిలో సుమారు 6,000 మంది ఒక్క బొంబాయి పరిసరమార్గముల మీదనే పోవుచున్నారనియు తెలిపెను. నాగరికసమాజము సహింపరాని సంహారమని ఆ సంఘము దానిని వర్ణించినది. ప్రభుత్వపు నివేదికలలో ఇంతటి మాట తఱచుగా కనబడదు.

ఈ విషయము రాష్ట్రేతరాంధ్రులకు పరాయిది గాదు. వారి వలసచరిత్రయు ఇనుపదారి చరిత్రయు పెనవేసికొని యున్నవి. 1853 ఏప్రిల్ 16 న బొంబాయి బోరీబందరునుండి ఠాణాకు మొదటి ప్రయాణికుల బండి నడచెను. 1856 జూలై 1 న మదరాసు రాయపురమునుండి వాలాజా దాక దక్షిణదేశపు మొదటి బండి బయలుదేఱెను. 1871 లో బొంబాయివైపునుండి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా మార్గమును, మదరాసు రైల్వే మార్గమును రాయచూరువద్ద కలిసికొనెను. 1874 లో వాడీనుండి సికిందరాబాదునకు నిజాము రైలు వచ్చెను. ఈ రెండు కూడళ్ళును ఏర్పడుటతో పాలమూరు, నల్లగొండ, కరీంనగరము సీమల కూలీలకును సాలెలకును షోలాపురము, బొంబాయి అందుబాటులోనికి వచ్చినవి. అంతకు పూర్వమే, 18 వ శతాబ్దపు తుదినుండియే, కామాఠీలను పేర తెలుగు కూలీలు బొంబాయి చేరి ఇండ్లు కట్టు పనిలో నుండిరి. కామాఠీపురమను పేట పేరు వారినిబట్టి వచ్చినదే. తూర్పున 1893 మొదలు 1896 వఱకు బెజవాడ కటకముల నడుమ తూర్పుతీరమార్గము క్రమముగా తెఱవబడెను. బరంపురము, ఖుర్దారోడ్డు, అటుపై వంగదేశములోని ఖరగ్‌పూరు తెలుగు రైలుకార్మికులకు స్థావరములైనవి.

రైలుకట్టలను పోసినవారిలోనే తెలుగువారు గలరు. చెఱువు త్రవ్వుట, కట్ట పోయుట, రాయి కొట్టుట వృత్తిగా గల వడ్డెరలు దక్షిణాపథమున అనేక మార్గములకు మట్టిపని చేసిరి. కట్ట పోసినవాడు దానిపై నడచుట తప్పని తలచునా? చుట్టును వరిచేలు నీట మునిగియున్న కాలమున, ఎత్తుగా, పొడిగా, తిన్నగా పొరుగూరికి పోవు త్రోవ ఆ కట్టయే. పల్లెవాడు దానిని త్రోవగా చూచెను. చట్టము మాత్రము మొదటినుండియు దానిని ఇతరులు కాలుపెట్టరాని చోటుగా చూచినది.

పాదచారి ప్రమాదములకు రైలంత వయస్సు గలదు. 1830 సెప్టెంబరు 15 న ఇంగ్లండులో లివర్‌పూలు మాంచెస్టరు మార్గమునకు ప్రారంభోత్సవము జరుగుచుండెను. ఇంజనునకు నీరు పట్టుటకై బండి పార్క్‌సైడువద్ద ఆగినది. దిగరాదని ముందుగనే తెలుపబడినను పెక్కురు దిగి, రెండవ పట్టాలపై నిలిచి ముచ్చటించుచుండిరి. ఆ పట్టాలమీద ‘రాకెట్’ అను ఇంజను వచ్చెను. పార్లమెంటు సభ్యుడును, పూర్వమంత్రియు నగు విలియం హస్కిసన్ తప్పించుకొనలేక కాలు నలిగి, ఆ రాత్రియే మరణించెను. దిగినది ఆగిన బండినుండి. చంపినది ప్రక్కదారిని వచ్చిన బండి.

నూట ఎనుబదిమూడేండ్ల పిమ్మట ఇదే తీరున విజయనగరము చేరువ గొట్లాములో తెలుగునేల మీద జరిగినది. 2013 నవంబరు 2 న, దీపావళి ముందునాటి సాయంకాలము, అలెప్పీనుండి ధన్‌బాదు పోవు ఎక్స్‌ప్రెస్సులో నిప్పంటుకొన్నదని వదంతి పుట్టెను. గొలుసు లాగిరి, బండి ఆగెను, జనులు చీకటిలో ప్రక్కపట్టాలమీదికి దుమికిరి. అదే నిమిషమున రాయగడనుండి విజయవాడ పోవు పాసింజరు ఆ పట్టాలమీద వచ్చెను. ఎనమండుగురికి తక్కువ గాకుండ మరణించిరి. మరల 2022 ఏప్రిల్ 11 న శ్రీకాకుళము జిల్లా బాతువవద్ద, కోయంబత్తూరునుండి సిల్చారు పోవు బండిలో పొగ కనబడి దిగినవారిని కోణార్క్ ఎక్స్‌ప్రెస్సు కొట్టినది; ఐదుగురికి తక్కువ గాకుండ పోయిరి. 2025 జనవరి 22 న మహారాష్ట్రమందలి జలగామ్ జిల్లాలో పుష్పక్ ఎక్స్‌ప్రెస్సునుండి నిప్పని భయపడి దిగినవారిపై కర్ణాటక ఎక్స్‌ప్రెస్సు వచ్చి పన్నెండుగురికి పైగా బలిగొన్నది.

ఈ మూడింటిని ఒకచోట చేర్చి చూచినప్పుడు కొన్ని సంగతులు తేటపడును. చక్రమునకు బ్రేకు పట్టివేసినప్పుడు పొగయు నిప్పురవ్వలును వచ్చుట రైలుపనివారెఱిగిన సంగతి, ప్రయాణికు లెఱుగరు. మఱియొకటి: మనదేశమున జోడుమార్గములమీద బండ్లు సామాన్యముగా ఎడమ పట్టాలనే నడచును. కావున బండి పోవు దిక్కునకు ముఖము పెట్టి నిలిచినవానికి ఎడమతలుపు వెలుపల కట్టయంచు, కుడితలుపు వెలుపల రెండవ మార్గము ఉండును. ఎడమప్రక్కను దిగినవాడు ముండ్లపొదలో పడవచ్చును. కుడిప్రక్కను దిగినవాడు బండి క్రింద పడవచ్చును. మూడవ, నాలుగవ పట్టాలు వేసిన చోట్ల ఈ సూత్రమును నమ్మరాదు. ఇంత చిన్న విషయము ఏ తెలుగు వాచకములోనైన చేరియున్నచో ఎంత మేలు జరిగి యుండెడిదో!

కంటికిని చెవికిని బండి చేయు మోసమును గూర్చి కొంత చెప్పవలసి యున్నది. మన బ్రాడ్‌గేజి పట్టాల నడిమి ఎడము 1,676 మిల్లీమీటర్లు. దూరప్రయాణపు పెట్టె వెడల్పు సుమారు 3.25 మీటర్లు, బొంబాయి లోకలు పెట్టె వెడల్పు 3.66 మీటర్లు. అనగా పెట్టె పట్టాకు ఈవలకు ముప్పాతిక మీటరునకు పైగాను, లోకలైనచో ఇంచుమించు ఒక మీటరును పొడుచుకొని యుండును. పట్టాలమీద లేనుగదా యని ప్రక్కను నిలిచినవానికి దెబ్బ తగులుట కిదియే కారణము. గంటకు 108 కిలోమీటర్ల వేగముతో వచ్చు బండి సెకనుకు 30 మీటర్లు పోవును. మూడువందల మీటర్ల దూరమున కనబడినది పది సెకన్లలో మీదికి వచ్చును. జోడుపట్టాలను దాటుటకు ఎనిమిది తొమ్మిది మీటర్లు నడువవలెను. కంకరరాళ్ళమీద, చంకలో బిడ్డతో, నెత్తిన మూటతో నడచువానికి పది సెకన్లు చాలవు. డ్రైవరు చూచి బ్రేకు వేసెను గదా యందురు. అంత వేగములోని బండి నిలుచుటకు సుమారొక కిలోమీటరు కావలెను. డ్రైవరు చేయగలిగినది కూత వేయుట మాత్రమే.

1985 లో అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు హర్షెల్ లైబోవిట్జ్ ఒక విషయమును ప్రతిపాదించెను. పెద్దవస్తువు చిన్నదానికంటె మెల్లగా కదలుచున్నట్లు కంటికి తోచునట. దిగుచున్న పెద్దవిమానము ఆకాశమున తేలియాడుచున్నట్లు కనబడుట అందఱు నెఱిగినదే. ఎదురుగా వచ్చు రైలు మొగము కొంతసేపు ఒక్కచోటనే నిలిచినట్లుండి, తుదిక్షణములలో ఒక్కసారిగా పెరుగును. ఇక చెవిమాట. పొగయింజను కాలమున బండి రాక మైలుదూరమునుండి తెలియుచుండెను. పొగ కనబడును, రొప్పు వినబడును, పట్టాలకు చెవియొగ్గు పిల్లలు ముందే కేక వేయుదురు. 1925 ఫిబ్రవరి 3 న బొంబాయి విక్టోరియా టెర్మినసునుండి కుర్లాకు విద్యుద్రైలు నడచుటయు, 1931 లో మదరాసు బీచినుండి తాంబరమునకు మీటరుగేజిమీద విద్యుద్రైళ్ళు వచ్చుటయు ప్రయాణికులకు గొప్ప సౌఖ్యము. పట్టాల ప్రక్క నివసించువారికి మాత్రము పొగయు రొప్పును లేని బండి కొత్తప్రమాదమును తెచ్చినది. నేడు చెవులలో పాటలగొట్టములు పెట్టుకొని నడచు యువకులకు మిగిలిన ఆ కొద్ది చప్పుడును వినబడదు.

బొంబాయి మిల్లుసీమను గూర్చి వివరముగా చెప్పుట యుక్తము. పశ్చిమమార్గమును మధ్యమార్గమును ఒకదాని కొకటి చేరువగా ఉత్తరమునకు పోవు ఆ ఇఱుకునేలలో పరేలు, లాల్‌బాగ్, లోయర్ పరేలు, వర్లీ పేటలు గలవు. తెలంగాణమునుండి వచ్చిన పద్మశాలీలు, ఇతర కూలీలు ఈ పేటల చాళ్ళలో నొక్కొక్క గదిలో పదేసిమంది చొప్పున నివసించి, మగ్గపుశాఖలలో పనిచేసిరి. మిల్లు ఒకవైపు, చాలు ఒకవైపు, బజారు మఱొకవైపు. భోంగా కూసిన తరువాత ఆలస్యమైనచో ఆనాటి కూలి తెగును. వంతెన చుట్టుదారి, పట్టాలు దగ్గఱిదారి. ఇట్టి స్థితిలో పట్టాలు దాటినవానిని ‘అజాగ్రత్త’ అను నొక్కమాటతో తీసివేయుట న్యాయము గాదు. కాలము తప్పినచో కూలి తెగునను భయము నిత్యమైనది. బండి కొట్టునను భయము ఎన్నడో జరుగునది. మనుష్యుడు ఎప్పుడును నిత్యభయమునకే లోబడును.

1982 జనవరి 18 న ప్రారంభమైన మిల్లుసమ్మెతో ఆ సీమ స్వరూపమే మాఱెను. మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడినవి. కొందఱు తెలుగు నేతగాండ్రు భివండి మరమగ్గములకు పోయిరి. కొందఱు దూరపు శివారులకు తరలి లోకలుబండి జీవితములో పడిరి. మిల్లులున్నచోట పెద్ద కార్యాలయములు లేచినవి. వచ్చిపోవు జనసంఖ్య పెరిగెను, వంతెనలు మాత్రము పాతవే. 2017 సెప్టెంబరు 29 న ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు స్టేషను పాదచారుల వంతెనమీద తొక్కిడిలో 23 మంది మరణించుట లోకవిదితము. వంతెన ఎక్కుమని చెప్పువారు వంతెన ఎంత వెడల్పున్నదో కూడ చూడవలెను గదా. కాకోద్కర్ సంఘపు కాలమునాటికంటె బొంబాయి మరణములు తగ్గినమాట నిజమే. గోడలు, కంచెలు, కొత్తవంతెనలు, కదలుమెట్లు కొంత పనిచేసినవి. ఐనను పట్టాలు దాటువారిని, బండినుండి జారిపడువారిని, తదితరులను కలిపి లెక్కించినచో 2023 లోను 2024 లోను మృతులసంఖ్య 2,000 దాటియే యున్నది.

తెలుగుబడుల విషయ మొకటి ఇక్కడ చెప్పదగియున్నది. స్థానికభాషాబడి పేటకొకటి యుండును. అల్పసంఖ్యాకుల బడి అట్లు గాదు. నాలుగైదు పేటలకు కలిపి ఒకటి యుండును, విద్యార్థులు తగ్గినచో అదియు మఱొకదానిలో కలిసిపోవును. బిడ్డకు తల్లిభాషలో చదువు చెప్పింపగోరిన తండ్రి ఆ బిడ్డచేత అధికముగా రోడ్లను, పట్టాలను దాటింపవలసి వచ్చుచున్నది. బడి మూయునప్పుడు అధికారులు విద్యార్థుల సంఖ్యను చూతురు. మిగిలిన బడికి పోవుదారిలో ఏ మార్గమున్నదో చూచినట్లు కానరాదు.

మదరాసు స్థితి కొంత భిన్నము. రాయపురము, కొరుక్కుపేట, చాకలిపేట, పెరంబూరు ప్రాంతములందు తెలుగువారు రైలుకు పూర్వమునుండియు గలరు. రైలు వచ్చి వారి నడుమనుండి పోయినది. 1856 లో పెరంబూరున రైలుకార్ఖానా, 1955 లో పెట్టెల కర్మాగారము నెలకొన్నవి. ఇక్కడి ప్రధానసమస్య గేటు. సరకుబండ్లు, లోకళ్ళు, దూరపుబండ్లు ఒకదానివెంట నొకటి వచ్చుచుండగా గేటు మూసి యుండును. ఒకబండి పోగానే గేటుక్రింద దూరి పోవువాడు, దాని చాటున ఎదురుదిక్కునుండి వచ్చు రెండవబండిని చూడడు. గేటుకడ జరిగిన మరణములలో ‘రెండవబండి’ కథ ఏ దేశమునైనను పరిపాటి. దక్షిణమున, తెలుగువాడైన పిట్టి త్యాగరాయచెట్టి పేరు గల త్యాగరాయనగరమును పడమటిమాంబళమును తాంబరపు మార్గము రెండుగా చీల్చుచున్నది. పండుగబట్టల కాలమున ఆ స్టేషనువద్ద జనమును చూచినవారికి వేఱే చెప్పనక్కఱలేదు.

ఒడిస్సాలోని తెలుగువారి అనుభవము ఇంకొక తీరుది. 1936 ఏప్రిల్ 1 న ఒడిస్సా ప్రత్యేకరాష్ట్రము కాగా బరంపురము, పర్లాకిమిడి అటు పోయినవి. ఇచ్ఛాపురము, సోంపేట ఇటు నిలిచినవి. రైలుమార్గము మాత్రము ఉభయులకును ఒక్కటే. పర్లాకిమిడి సంస్థానాధీశుడు గౌరచంద్ర గజపతి కాలమున 1900 లో నౌపడానుండి పర్లాకిమిడికి రెండడుగుల ఆఱంగుళముల సన్నదారి వేయబడెను. 1931 నాటికది గుణుపురము చేరినది. ఆ బండి వేగమెంత! పశువులను తోలుకొని పట్టాలవెంట నడచువారు, కూత విని తీరికగా ప్రక్కకు తొలగువారు. ఒక శతాబ్దముపాటు ఆ సీమలోని తెలుగు, ఒడియా, సవర ప్రజలు రైలనగా ఇట్టిదే యని యెఱుగుదురు. 2004 లో సన్నదారి మూయబడి, 2011 నాటికి గుణుపురము దాక బ్రాడ్‌గేజి వచ్చెను. కట్ట ఇంచుమించు అదియే, ఊళ్ళు అవియే, కాలిదారులు అవియే. వేగము మాఱినది. అలవాటు ఒక్కనాట మాఱదు.

కన్నడదేశమునందు బళ్ళారి, రాయచూరు, బెంగుళూరు పట్టణముల కథ పై వానికి భిన్నము గాదు గనుక విస్తరింపలేదు. యానామునకు రైలే లేదు. దానికి చేరువనుండి పోవు కాకినాడ కోటిపల్లి మార్గము 1928 లో వేయబడి, 1940 లో యుద్ధావసరములకై పెఱికివేయబడి, 2004 లో మరల తెఱవబడెను. అరువదినాలుగేండ్లు పట్టాలు లేని కట్టమీద ఎండుగడ్డియు ధాన్యమును ఆరబోసికొన్న పల్లెలకు రైలు తిరిగి వచ్చుట ఎట్లుండెనో ఊహింపవచ్చును.

నిజాము కాలపు మార్గమొకటి ప్రత్యేకముగా చెప్పదగినది. 1900 లో హైదరాబాదునుండి మన్మాడు దాక హైదరాబాదు గోదావరిలోయ మార్గము పూర్తియయ్యెను. అదేమార్గమున, 2014 జూలై 24 న మెదకు జిల్లా మాసాయిపేటవద్ద కాపలాలేని గేటుకడ నాందేడు సికిందరాబాదు పాసింజరు బడిబస్సును కొట్టి పసిపిల్లలను బలిగొన్నది. ఆ తరువాత దేశవ్యాప్తముగా ఒత్తిడి పెరిగి, 2019 జనవరి 31 నాటికి బ్రాడ్‌గేజి మార్గములమీద కాపలాలేని గేట్లన్నియు తొలగింపబడినవి. అదేమార్గమున, 2020 మే 8 తెల్లవాఱుజామున, ఔరంగాబాదు చేరువ కర్మాడువద్ద పట్టాలపై నిద్రించుచున్న 16 మంది మధ్యప్రదేశపు కూలీలను సరకుబండి తొక్కెను. మహమ్మారి కాలమున ప్రయాణికుల బండ్లు ఆగినవి గనుక ఏ బండియు రాదని వారు నమ్మిరి. జాల్నానుండి ఇంటిదారి పట్టిన ఆ కూలీలకు పట్టాలే త్రోవ, పట్టాలే దిక్సూచి. కట్టను త్రోవగా చూచుట వడ్డెరలనాడు మొదలై నేటికిని తీఱలేదు.

ఇక చట్టము. 1890 నాటి రైల్వేచట్టము అనుమతిలేక రైలునేలపై అడుగిడుటను నేరముగా పరిగణించినది. 1989 నాటి చట్టము 147 వ సెక్షను అదే నేరమునకు ఆఱునెలల వఱకు ఖైదుగాని, వేయిరూపాయల వఱకు జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చునన్నది. అదేచట్టమున 1994 లో చేర్పబడిన 124-ఎ సెక్షను, బండినుండి జారిపడిన ప్రయాణికునకు రైల్వేవారి తప్పున్నను లేకున్నను పరిహారమీయవలెనని చెప్పుచున్నది. 2017 జనవరి 1 నుండి మరణమునకు ఆ పరిహారము ఎనిమిది లక్షలు. 2008 లో ప్రభాకరన్ విజయకుమార్ కేసులో సుప్రీముకోర్టు ఈ సెక్షనును ఉదారముగా అన్వయించెను. 2018 లో రీనాదేవి కేసులో, శవమువద్ద టిక్కెట్టు దొరకనంత మాత్రమున ప్రయాణికుడు కాడనరాదని తీర్పు వచ్చెను. ఇదంతయు ప్రయాణికుని మాట. పట్టాలు దాటుచు మరణించినవాడు చట్టముదృష్టిలో ప్రయాణికుడు గాడు, చొరబడినవాడు. ఒకేదినమున ఒకేచోట ఇద్దఱు పోయినచో, ఒకని ఇంటికి ఎనిమిది లక్షలు, రెండవవాని ఇంటికి సామాన్యముగా శూన్యము. ఆత్మహత్యకు 124-ఎ క్రింద పరిహారము లేదు.

కావున ఎట్లు పోయెనన్నది వ్రాయు మాటకు ధనమంత విలువ గలదు. ఇక్కడ మన భాషయొక్క దోషమొకటి చూపవలసి యున్నది. తెలుగున ‘రైలు క్రింద పడినాడు’ అందుము. తెలిసి పడినవానికి ఆ మాటయే, జారిపడినవానికి ఆ మాటయే, దాటుచుండగా బండి కొట్టినవానికిని ఆ మాటయే. మూడవవాడు నిజమునకు పడలేదు; బండి వచ్చి కొట్టినది. కర్తను మార్చివేయు ఈ వాడుక వినువారి మనస్సులో తొలుతనే అనుమానమును నాటును. పరరాష్ట్రమున భర్త మరణించిన స్త్రీ స్టేషనులో తన తెలుగు మాటను అట్లే చెప్పినప్పుడు, వ్రాసికొనువాడు దానిని మరాఠీలోనికో ఒడియాలోనికో మార్చునప్పుడు, ఆత్మహత్య యను అర్థము చొరబడుటకు ఎంతసేపు? ఇంటిలో ఏదైన కలహము జరిగెనా యని ప్రశ్న వచ్చును. ‘చిన్నమాట వచ్చినది’ అని ఆమె అమాయకముగా చెప్పును. ఆ కాగితమే తరువాత సాక్ష్యమగును. జారిపడినచో జారిపడెననియు, దాటుచుండగా దెబ్బ తగిలినచో బండి కొట్టెననియు విడదీసి చెప్పుట, తెలుగుసంఘములవారు దుబాసీగా ఒక మనిషిని వెంట పంపుట, పెద్దవ్యయము లేని పనులు.

బ్రదికినవారి కథ మఱింత దీర్ఘము. రైలుదెబ్బలో కాలుచేతులు తెగుట, తల పగులుట సామాన్యము. తెగిన అవయవమునకు ఎగువను గట్టిగా బట్ట బిగించి రక్తము నాపుట, తెగినభాగమును శుభ్రమైన బట్టలో చుట్టి సంచిలో నుంచి ఆ సంచిని మంచుమీద పెట్టుట, అవయవమునకు మంచు నేరుగా తగులనీయకుండుట, ఆలస్యము లేక ఆసుపత్రి చేర్చుట అందఱు నెఱుగవలసిన విషయములు. పోలీసువారు వచ్చువఱకు తాకరాదను భయము నేటికిని గలదు. 1989 లో పరమానంద కటారా కేసులో సుప్రీముకోర్టు, గాయపడినవానికి మొదట చికిత్స, తరువాతనే చట్టపు తంతు అని వైద్యులకు కర్తవ్యమును నిర్దేశించినది. బొంబాయిలో పరేలునందలి కెఇఎం, సయన్ ఆసుపత్రులును, మదరాసులో సెంట్రలు స్టేషనునకెదుట నున్న పెద్దాసుపత్రియు రైలుమార్గములకు చేరువనుండుట గాయపడినవారి అదృష్టము. కృత్రిమావయవముల విషయమున 1944 లో పూనాలో స్థాపింపబడిన సైనికకేంద్రము మార్గదర్శకమైనది. 1960 ల తుదిలో జయపురమున రామచంద్రశర్మ అను శిల్పియు, డాక్టరు పి.కె. సేఠియు రూపొందించిన ‘జయపురపు కాలు’ బీదవాని కందుబాటులోనికి వచ్చెను. దానితో గొంతుక్కూర్చుండవచ్చును, పొలములో నడువవచ్చును. నేతగాని సంగతి వేఱు. గుంటమగ్గమున కాళ్ళతో పావళ్ళు త్రొక్కవలెను. ఒకకాలు పోయినవానికి ఆ వృత్తి పోయినట్లే. మరమగ్గముకడ నిలిచి తిరుగువానికిని అంతే. అట్టివాని ఇంట భార్య బీడీలు చుట్టుట, కుమారుడు బడి మానుట వెనువెంటనే జరుగును.

హెచ్చరికల భాషను గూర్చి కొంత. స్టేషనుల ఫలకములు సామాన్యముగా స్థానికభాష, హిందీ, ఇంగ్లీషు అను మూడింట నుండును. మూడుతరములనుండి మహారాష్ట్రమున నున్న తెలుగువాడు మరాఠీ చదువును. నిన్న పాలమూరునుండి వచ్చిన కూలికి ఆ మూడును రావు. రాత్రి పట్టాల ప్రక్క గుడారములో పండుకొనువాడు ముఖ్యముగా ఇతడే. ఈ సందర్భమున 2010 ప్రాంతమున బొంబాయి వడాలా స్టేషనువద్ద జరిగిన ప్రయోగమొకటి గమనింపదగినది. దాటువారికి బండి వేగము తెలియుటకై అడ్డదుంగలను కొన్నికొన్నిగా పసుపుపచ్చ రంగు పూసిరి. బండి చక్రములు ఆ చారలను మ్రింగుచు వచ్చుట చూచినప్పుడు వేగము కంటికి తెలియును. ఒకే దీర్ఘమైన కూతకు మాఱుగా రెండు పొట్టికూతలు వేయునట్లు డ్రైవర్లకు చెప్పిరి; నడుమనున్న నిశ్శబ్దము చెవిని మేల్కొలుపును. బండి మీదికి వచ్చుచుండగా భయముతో నోరు తెఱచిన మనుష్యుని ముఖమును మూడుచిత్రములలో పెద్దదిగా చూపి దాటుచోట నిలిపిరి. ఆ చోట మరణములు బాగుగా తగ్గినవని ప్రకటింపబడెను. ఆ ఫలకముపై ముఖము తప్ప మాట లేదు.